మా అప్పకు నీలం పూసిన మనిషి

శ్రీను ఫోన్ చేసినప్పుడు నేను బీరకాయలకు చెక్కు తీస్తున్నాను.

"సారు పోనారు, తెలిసిందా?" అన్నాడు.

ఏ సారని అడగనక్కర్లేదు. రాజాంలో ఒకే ఫోటో స్టూడియోలో పనిచేసినవాళ్లం మేమిద్దరం. నేను కంప్యూటర్ మీద పెళ్లి ఆల్బములు తయారుచేసేదాన్ని, వాడు వీడియో తీసేవాడు. మా ఇద్దరికీ సారంటే ఆ స్టూడియో యజమాని ఒక్కడే.

"ఎప్పుడు?" అన్నాను.

"తెల్లారగట్ల. గుండె ఆగిపోనాదట. ఒస్తావేటి?"

"రాను."

"నాకు తెలుసులే," అని వాడు ఫోన్ పెట్టేశాడు. నేను మిగతా బీరకాయల పని చూసుకున్నాను.

మధ్యాహ్నానికి మా చుట్టుపక్కల ఫోటోగ్రాఫర్ల వాట్సాప్ గ్రూపు నిండిపోయింది. రంగులతో భావాలు పలికించిన మహానుభావుడని ఒకరు. ఆయన ఫోటోలో మనిషి మనసు కనబడేదని మరొకరు. కింద వరుసగా జోడించిన చేతులు. నేనూ ఏదో రాయబోయి తుడిచేశాను. నాకు వచ్చిన మాటలు చావు రోజున పెట్టేవి కావు. ఆయన ఫోటోల్లో మనసు కనబడిన మాట నిజమే, కానీ అది ఎప్పుడూ ఆయన మనసే. ఎదుట కూర్చున్నవాళ్లది కాదు. ఆ సంగతి తెలిసినవాళ్లు కూడా ఆ రోజు దండాలు పెట్టి ఊరుకున్నారు. నాకు అలా ఊరుకోబుద్ధి కావడం లేదు.

మనిషి పొడుగు. గుమ్మం తలకు తగులుతుందేమోనన్నట్టు కొంచెం వంగి నడిచేవాడు. ఎప్పుడు చూసినా బూడిదరంగు చొక్కానే. రంగు చొక్కా వేసుకుంటే దాని ఛాయ ఎదుటివాళ్ల చెంప మీద పడుతుందని ఆయన భయం. పనిలో చేరిన రోజున నేను పసుపు చున్నీ వేసుకుని వెళ్లాను. పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "ఆ చున్నీ తీసి లోపల పెట్టు. గదంతా పచ్చగా చేసేస్తున్నావు," అన్నాడు. చూస్తే నిజమే, పక్కనున్న తెల్లగోడ మీద లేత పసుపు పాకింది. అంతవరకు అలాంటివి నా కంటికి ఆనేవి కావు. ఆడపిల్ల చున్నీ తీసేసి నలుగురి మధ్య ఎలా కూర్చుంటుందన్న ఆలోచన మాత్రం ఆయనకు రాలేదు. లోపలి గదిలోంచి ఆయన భార్య వచ్చి ఒక బూడిదరంగు తువ్వాలు నా భుజాల మీద కప్పి వెళ్లింది. స్టూడియో వెనకే వాళ్ల ఇల్లు. ఆవిణ్ణి మేం మేడమ్ అనేవాళ్లం.

ఇంత జాగ్రత్త గల మనిషి దగ్గర పని నేర్చుకోవడం అదృష్టమనుకున్నాను. తన చొక్కా రంగును కూడా ఇంకొకరి మొహం మీద పడనివ్వని మనిషి, అదే మొహాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకుని తనకు తోచిన రంగు కుమ్మరిస్తాడని తర్వాత గాని తెలియలేదు.

ఎవరైనా మెట్లెక్కి వస్తుంటే లవంగం నములుతూ కుర్చీలోంచి చూసేవాడు. వాళ్లు కూర్చోకముందే తీర్పు అయిపోయేది. నా వైపు తిరిగి "నీలం," అనేవాడు. లేకపోతే "ఇటుక రంగు." లేకపోతే "పొగ." మనుషుల పేర్లు ఆయనకు గుర్తుండేవి కావు. "ఆ ఊదావిడ ఆల్బం అయిందా?" అని అడిగితే ఎవరా అని నేను తడుముకోవాలి. ఆ ఊదావిడ బొబ్బిలిలో లెక్కలు చెప్పే టీచరు. ఆవిడ నవ్వితే పక్కనున్నవాళ్లకు కూడా నవ్వొచ్చేది. కంటి కింద కాస్త నీడ ఉందని ఈయన ఊదా ఖాయం చేసేశాడు, నవ్విన ఫోటోలన్నీ తీసి పారేశాడు. నవ్వంటే ఆయనకు పడదు. "పళ్లు కనబడితే భావం పోతుంది," అనేవాడు. గడ్డం కింద రెండు వేళ్లు పెట్టి మొహాన్ని వెలుతురు వైపు తిప్పేవాడు. ముసలివాళ్లనైనా, పెళ్లికూతుళ్లనైనా, అడగకుండానే. సంతలో వంకాయ తిప్పి చూసినట్టు.

పని రాని మనిషని నేననను. వెచ్చటి రంగులు మొహాన్ని మనకు దగ్గర చేస్తాయని, చల్లటి రంగులు దూరం జరుపుతాయని, నీడలో ఒక చుక్క ఆకుపచ్చ కలిపితే చూసేవాళ్లకు తెలియకుండానే దిగులు పుడుతుందని, చర్మం రంగును మాత్రం మూడొంతులు ముట్టుకోకుండా వదిలెయ్యాలని నాకు చెప్పింది ఆయనే. పురిటి గది నుంచి నేరుగా వచ్చిన ఒక తల్లిని పిల్లతో సహా కిటికీ పక్కన కూర్చోబెట్టి, దీపం రంగు తెచ్చి ఒక ఫోటో తీశాడు. దాన్ని చూసి నేను చేస్తున్న పని మరిచిపోయాను. అంత చెయ్యగలిగినవాడు. అందుకే ఆయన మీద నా కోపం ఇంకా ఎక్కువ. చేతకాక చేసిన పాడు పని అయితే ఈపాటికి మరిచిపోయి ఉండేదాన్ని.

పెళ్లికూతుళ్ల ఫోటోలు తీసే పద్ధతి చెబుతాను. తోడు వచ్చిన ఆడవాళ్లను బయట కూర్చోబెట్టి తలుపు వేయించేవాడు. నేను లైటు పట్టుకుని పక్కన నిలబడాలి. పిల్ల సర్దుకుని కూర్చున్నాక, ఆయన కెమెరాలోంచి చూస్తూ, ఏదో వాతావరణం సంగతి మాట్లాడుతున్నట్టు అనేవాడు: "రేపట్నించి మీ అమ్మ నీకు అన్నం పెట్టదు కదా." పిల్ల మొహం ఒక్కసారి వాడిపోయేది. అప్పుడు తీసేవాడు. దానికి తేనె రంగు వేస్తే చూసినవాళ్లందరూ ఎంత సిగ్గో, ఎంత అందమో అనేవాళ్లు. ఒక పిల్లకు తల్లి లేదు. ఆ మాట వినగానే ఆ అమ్మాయి వెక్కివెక్కి ఏడ్చింది. నేను లైటు దించేశాను. "ఎత్తు," అన్నాడు. నేను ఎత్తలేదు. కిటికీ వెలుతురులోనే తీసుకున్నాడు. ఆ తర్వాత కొన్ని రోజులు నాతో మాట్లాడలేదు. నాకు అదే హాయిగా ఉండేది.

శ్రీముఖలింగం దగ్గరి నుంచి ఒక రైతు, ఆయన భార్య వచ్చారు ఒకసారి. ఇద్దరికీ డెబ్భై దాటి ఉంటాయి. పెళ్లయి ఇన్నేళ్లయినా కలిసి ఫోటో లేదని మనవలు పోరు పెడితే వచ్చారట. ముసలమ్మ చిలకాకుపచ్చ కోక కట్టుకుంది, మడతల గీతలు ఇంకా పోలేదు. కూర్చునేముందు రెండుసార్లు అంచు సర్దుకుంది. ఈయన వాళ్లను చూసి "గోధుమ," అన్నాడు. ఫోటో తయారయ్యాక ముసలాయన చట్రాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, తర్వాత దూరంగా పెట్టుకుని చూశాడు. అంతా మట్టిరంగు, పాత ఇళ్ల గోడల మీద పోయినవాళ్ల ఫోటోలు ఉన్నట్టు.

"బాబూ," అన్నాడు మెల్లగా, "మేం ఇంకా బతికే ఉన్నాం కదేటి?"

"జ్ఞాపకానికి రంగు ఉండదండీ," అన్నాడు ఈయన.

ముసలమ్మ చట్రం లాక్కుని చూసింది. "నా కోకేదీ? ఆ పచ్చ దొరక్క రాజాం అంతా తిరిగినాను. ఇదేటి, బురదలో పడినట్టున్నాను!"

ఈయన నవ్వలేదు, బాధపడలేదు. గోడకు తగిలించిన ఇంకో ఫోటోను సరిచేస్తూ నిలబడ్డాడు, వాళ్లు అక్కడ లేనట్టు. వాళ్లు ఆ చట్రాన్ని గుడ్డలో చుట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక నాతో, "ఇంకో ఇరవై ఏళ్లకి వాళ్ల మనవలకు తెలుస్తుంది ఆ ఫోటో విలువ," అన్నాడు. ఆ ముసలమ్మ ఆ ఇరవై ఏళ్లూ ఉండదు. ఉన్నన్నాళ్లూ ఆవిడకు కావలసింది ఆ పచ్చ కోకే.

కస్టమర్లతో పుస్తకాల్లోలాగ మాట్లాడేవాడు. కోపం వస్తేనే ఆయన నోట మా వైపు భాష వచ్చేది, "ఎవులు ముట్టుకున్నారు దీన్ని?" అని. అప్పుడు మేడమ్ టీ గ్లాసుతో వచ్చి నిలబడేది. కొత్త లైటు వచ్చినా, లైటుకు కట్టే కొత్త రంగు కాగితం వచ్చినా, ముందు ఆవిణ్ణే స్టూలు మీద కూర్చోబెట్టేవాడు. పొయ్యి మీద కూర ఉన్నా సరే. ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి కూర్చునేది. "నిన్న పచ్చగున్నాను, ఇయ్యాల ఎర్రగున్నాను. రేపేటవుతానో తల్లీ," అనేది నాతో. ఈయన "కదలకు," అనేవాడు. ఆవిడతో ఆయన నా ముందు ఎక్కువసార్లు అన్న మాట అదే.

ఇక మా అప్ప సంగతి.

అప్పంటే మా అక్క. నాకంటే బాగా పెద్దది. మాది రాజాం దగ్గర పల్లె, తాతల నాటి నుంచి బాప్టిస్టు సంఘంలో ఉన్నాం. అప్ప మొగుడు తాగి తాగి పచ్చకామెర్లతో పోయాడు. పోయినవాడి గురించి చెడ్డగా మాట్లాడకూడదని మా అమ్మ అంటుంది గాని, అప్ప వీపు మీద వాతలు నేను కొబ్బరినూనె రాస్తూ చూశాను. వాడు పోయాక అప్ప తన కూతురితో మా ఇంటికి వచ్చేసింది. వచ్చిన కొత్తలో తెల్లవార్లూ నిద్రపోయేది, ఎవరూ లేపకుండా. "ఇలాగ పడుకుని ఎన్నేళ్లయినాదో," అంది ఒకరోజు. కొన్నాళ్లకు కుట్టు నేర్చుకుంటానంది. ఆ దరఖాస్తుకు చిన్న ఫోటోలు కావాలంటే మా స్టూడియోకు రమ్మన్నాను.

ఆ రోజు అప్పకు పన్ను పోటు. దవడ మీద చెయ్యి వేసుకుని, తెల్లచీరలో, కిటికీ దగ్గర బల్ల మీద తన వంతు కోసం కూర్చుంది. ఈయన ఆవిణ్ణి చూశాడు. నా వైపు తిరిగి ఏ రంగూ చెప్పలేదు. కెమెరా తీసుకుని నెమ్మదిగా దగ్గరికి వెళ్లి, "మీవారు పోయి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగాడు. అప్ప తలెత్తింది. తీశాడు. ఆ తర్వాత చిన్న ఫోటోలు తియ్యమని శ్రీనుతో చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.

ఆ ఫోటో ఆయన నాకు ఇవ్వలేదు, తన గదిలో తనే చేసుకున్నాడు. నేను దాన్ని మొదటిసారి చూసింది స్టూడియో అద్దాల కిటికీలో, వీధి వైపు, నా అంత ఎత్తున. నీలం. చీర నీలం, గోడ నీలం, అప్ప చెంపలు చలికి చచ్చిన మనిషి చెంపల్లా నీలం. కళ్ల కింద నీడల్లో ఆకుపచ్చ. ఆ చుక్క ఎందుకు కలిపాడో నాకు తెలుసు, నాకు నేర్పిందే కదా. కింద అందంగా ఒక్క మాట రాయించాడు: శోకం. విజయనగరంలో ఫోటోల పోటీకి పంపితే దానికి మొదటి బహుమతి వచ్చిందట. శాలువా కప్పుకుని వచ్చాడు. అక్కడ ఒక పెద్దమనిషి ఆ ఫోటో ముందు కళ్లు తుడుచుకున్నాడని మాకు రోజూ చెప్పేవాడు.

"మా అప్పను అడగకుండా ఎలా పెట్టారు సార్?" అన్నాను.

"మీ అక్క ఎవరో నాకు తెలియదమ్మాయ్. అక్కడున్నది ఒక భర్త పోయిన స్త్రీ."

అప్పతో చెబితే మొదట నవ్వింది. "పన్ను పోటుకి శాలువా ఇచ్చినారేటి?" అంది. నవ్వులాట అక్కడితో అయిపోయేదే. కానీ అదే రోజుల్లో మా పాస్టరమ్మ అప్పకు ఒక సంబంధం చూస్తోంది. విజయనగరంలో ఆసుపత్రిలో పనిచేసే మనిషి. భార్య పోయింది, పిల్లల్లేరు. ఒక ఆదివారం తల్లితో ప్రార్థనకు వచ్చి అప్పను చూశాడు, అప్ప కూతురికి లెక్కలు చెప్పాడు, భోజనం చేసి తన పళ్లెం తనే కడుక్కున్నాడు. అప్ప మాటల్లో ఆ పళ్లెం సంగతి ఎన్నిసార్లు వచ్చిందో. మా అమ్మ పొయ్యి దగ్గర కూర్చుని నోట్లో నోట్లో కీర్తనలు పాడుకునేది.

ఆ ఆసుపత్రి మనిషి తల్లి ఏదో పని మీద రాజాం వచ్చి, బజార్లో నడుస్తూ ఆ కిటికీ ముందు ఆగింది. ఆదివారం చూసిన మొహమే. ఎంతసేపు చూసిందో తెలియదు. విజయనగరం వెళ్లి పాస్టరమ్మకు ఫోన్ చేసింది. పాస్టరమ్మ మా ఇంటికి వచ్చి, నులకమంచం మీద కూర్చుని, ఆ మాటలు దాచకుండా చెప్పింది.

"'ఆ పిల్ల ఇంకా సచ్చినోడి మీదే పేణం పెట్టుకునున్నాది. ఆ మొగం సూస్తే నాకే దుక్కమొచ్చినాది. మావోడు ఒకసారి దుక్కం పడినోడు, మళ్లీ అలాటి మనిసిని ఇంట్లో పెట్టుకోలేడు,' అంతంది. నాను ఎంత సెప్పినా ఇన్నేదు."

"ఆయనేటన్నాడు?" అంది అప్ప.

"అమ్మ మాట దాటనన్నాడు."

అప్ప లేచి, ఆరేసిన బట్టలు తీసి, ఒక్కొక్కటీ మడత పెట్టింది. మొగుడు పోయినప్పుడు ఏడవని మనిషి, ఆ బట్టలు మడత పెడుతూ ఏడ్చింది. మర్నాడు నాతోపాటు బస్సెక్కింది.

స్టూడియోలోకి వెళ్తూనే, "బాబూ, ఆ పటం తీసెయ్యి," అంది.

ఆయన కుర్చీలోంచి లేవలేదు. "కూర్చోండమ్మా. ఆ ఫోటో మిమ్మల్ని ఎంత గొప్పగా..."

"నాకు గొప్పొద్దు. తీసెయ్యి. నాను ఆడి కోసం ఏడస్తన్నానని ఊరంతా అనుకుంతంది."

"అది మీరు కాదు. అది శోకం."

"మొగం నాదే కదేటి?"

"మొహం మీదే. భావం నాది."

"అయితే నీ బావం తీసికెళ్లి నీ మొగానికే పూసుకో!" అంది అప్ప. గొంతు బజారు వరకూ వినబడింది. "ఆ రోజు నాకు పన్ను పోటు బాబూ! పన్ను పోటు! దవడ వాసిపోనాది. ఆడు పోనాక నాను ఏడవనేదు, సుకంగా తొంగున్నాను. ఆ ముక్క నువ్వడిగినావేటి?"

ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. చాలాసేపు అప్పను అలాగే చూసి, నాతో అన్నాడు: "చూశావా, ఇప్పుడు ఎరుపు."

అప్పకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది. ఎదురుగా ఒక ఆడమనిషి బతుకు పాడయిందని చెబుతుంటే, ఈయన రంగు చూసుకుంటున్నాడు. నా ఒళ్లు మండిపోయింది. "సిగ్గు లేదా సార్ మీకు?" అన్నాను. నా జీవితంలో ఒక పెద్దమనిషిని అలా అనడం అదే మొదలు. మేడమ్ గుమ్మంలో నిలబడి ఉంది. "తీసెయ్యొచ్చు కదండీ," అంది. ఆయన ఆవిడ వైపు చూడను కూడా లేదు.

ఆ వారం సంతకు అప్ప మళ్లీ వచ్చింది. లోపలికి రాలేదు. తన దగ్గరున్న వాటిలో ఎర్రపూల చీర కట్టుకుని, వీధిలో ఆ కిటికీ పక్కన నిలబడింది. సంతకు వచ్చేవాళ్లను పిలిచి అడిగింది. "ఓ బావా, ఇలా రా. ఈవిడెవులు, నానెవులు, సెప్పు." జనం మూగారు. ఒకాయన అటు చూసి ఇటు చూసి, "నీకేటైనాదమ్మా అందులో? సలి పెట్టినాదా?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు, అప్ప కూడా నవ్వింది. నేను లోపలి నుంచి ఆవిడ వీపు చూస్తున్నాను. నవ్వుతున్నా భుజాలు బిగుసుకుని ఉన్నాయి. ఈయన తెర వేసేసి తన గదిలో కూర్చున్నాడు.

మర్నాడు నేను పనికి వచ్చేసరికి కిటికీలో నీలం లేదు. తీసేశాడని ఒక్క క్షణం సంతోషపడ్డాను. దగ్గరికి వెళ్లి చూస్తే, అదే ఫోటో. అదే చెయ్యి, అదే దవడ, తలెత్తిన అదే చూపు. ఈసారి మొత్తం పొద్దుటి ఎండ రంగు. చీర బంగారం, చెంపలు బంగారం, కళ్లలో ఒక మెరుపు. కింద కొత్త మాట: ఆశ.

"ఇప్పుడు మీ అక్కకు అభ్యంతరం ఉండదుగా?" అన్నాడు లవంగం బుగ్గన పెట్టుకుంటూ. మాట సాయం చేసినవాడి గొంతు.

వీధిలో పోతున్న ఇద్దరు ఆడపిల్లలు ఆగి, "ఎంత సంతోసంగా ఉన్నాదో సూడు ఈవిడ," అనుకుంటూ వెళ్లారు. మొన్నటిదాకా జనం అదే మొహాన్ని చూసి కళ్లు తుడుచుకున్నారు. మా అప్పకు దుఃఖం ఉందా, సుఖం ఉందా, పన్ను పోటు ఉందా అన్నది ఈ మనిషికి ఎప్పుడూ పట్టలేదు. పట్టనవసరం కూడా లేదు. కంప్యూటర్‌లో రంగు గీటు ఇటు జరిపితే ఏడుపు, అటు జరిపితే నవ్వు. జనం కూడా ఆయన ఎటు జరిపితే అటే నమ్మారు.

కిటికీ తలుపు తెరిచి ఫోటోను చట్రంతో సహా బయటికి లాగాను. బరువుగా ఉంది. శ్రీను వచ్చి రెండో వైపు పట్టుకున్నాడు. ఆయన "ఏటి సేస్తన్నారు! దించండి!" అని అరిచాడు. మేం దించలేదు. ఆటోలో అడ్డంగా పెట్టి మా ఊరు తీసుకెళ్లాం. అప్ప దాన్ని చూసి, "మళ్లీ ఇదేటి, పసుపు రాసినాడు," అని, వెనక నుంచి మేకులు ఊడదీసి, ఫోటో చుట్టచుట్టి పొయ్యిలో పెట్టింది. చట్రం అద్దం మాత్రం ఉంచుకుంది. నేను ఆ రోజుతో పని మానేశాను. ఆసుపత్రి మనిషికి మేం కబురు చేశాం, తల్లి పొరపాటు పడిందని. అప్పటికే ఆయనకు ఇంకో సంబంధం ఖాయమైంది. అప్ప మళ్లీ ఎవరినీ చేసుకోలేదు. బాగానే ఉంది, కుట్టుపని నడుస్తోంది, కూతురు కాలేజీలో చేరింది. కానీ ఇప్పటికీ ఎవరింటికైనా వెళ్లి, మగవాడు తన పళ్లెం తను కడుక్కోవడం చూస్తే, కాసేపు అటే చూస్తుంది.

ఆ తర్వాత నేను విజయనగరం వచ్చేసి, ఒక ప్రెస్సులో శుభలేఖలు, ఫ్లెక్సీలు తయారుచేసే పనిలో చేరాను. మేడమ్ పోయిందని శ్రీను చెబితే వెళ్లాలనుకున్నాను, ఆ ఇంటి మెట్లెక్కడానికి మనసు రాలేదు. తర్వాత కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం ఆయనే మా ప్రెస్సుకు వచ్చాడు. గడ్డం మాసి ఉంది. అడగకుండానే నా ఎదుటి కుర్చీలో కూర్చున్నాడు.

"మీ మేడమ్ ఫోటో ఏదైనా నీ దగ్గరుందా అమ్మాయ్?" అన్నాడు.

"మీ దగ్గర లేకపోవడమేమిటి?"

"ఉన్నాయి. లెక్కలేనన్ని ఉన్నాయి. అన్నీ లైట్లకి రంగు కాగితాలు కట్టి తీసినవే. తీసేటప్పుడే రంగు పడిపోయింది, ఇప్పుడు ఎంత తుడిచినా పోవడం లేదు. పదకొండో రోజుకి ఒకటి కట్టించాను. మా అమ్మాయి దండ వెయ్యనంది. 'ఇది అమ్మ కాదు నాన్నా,' అంది."

నాకు జాలి వేసిందా అంటే, మేడమ్ మీద వేసింది. ఫోన్ తీసి వెతికాను. ఒక క్రిస్మస్‌కు నేను ఇంట్లో చేసిన కేకు పట్టుకెళ్లినప్పుడు తీసింది ఒకటి ఉంది. మామూలు ట్యూబ్‌లైటు కింద, కొంచెం కదిలిపోయి. మేడమ్ నోట్లో కేకు ముక్క, శ్రీను ఏదో అంటే పగలబడి నవ్వుతోంది. చామనఛాయ. పైపన్ను ఒకటి వంకర. ఫోన్ ఆయన చేతికిచ్చాను.

చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయ్యో, ఈ మనిషి మారాడేమో అనుకున్నాను. అంతలో ఆయన బొటనవేలు కిందికి జారింది, ఫోటో రంగు మార్చే గీట్లు తెరుచుకున్నాయి. "ట్యూబ్‌లైటు మొహాన్ని పాడుచేసింది," అన్నాడు, తనలో తను. "కొంచెం వెచ్చగా చేస్తే..."

ఫోన్ లాక్కున్నాను.

"నాకు పంపు," అన్నాడు.

"మీకు పంపను. మీ అమ్మాయి నంబరు చెప్పండి, ఆమెకు పంపుతాను."

కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు, నంబరు చెప్పాడు. ఉన్నది ఉన్నట్టు ఆయన ఎదుటే పంపించాను. ఆయన లేచి, బల్ల మీదికి వంగి, నా చేతిలోని ఫోటోను ఇంకోసారి చూశాడు. చూపుడువేలితో అద్దం మీద ఒకచోట రుద్దాడు, మేడమ్ ఎడమ కనుబొమ దగ్గర. మళ్లీ చొక్కా చేతితో తుడిచాడు.

"ఇక్కడ గీత పడింది నీ ఫోన్‌కి," అన్నాడు.

"గీత కాదు సార్. మచ్చ. చిన్నప్పుడు చేలో గడ్డి కోస్తుంటే కొడవలి తగిలిందట. మీకెప్పుడూ చెప్పలేదా?"

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, గోడ పట్టుకుని ఆగాడు.

"సెప్పే ఉంతాది," అన్నాడు.

మెట్లు దిగుతున్న చప్పుడు వినబడింది. నేను కుర్చీలోంచి లేవలేదు.